చెయ్యి కడగని చలపతిరావు

చలపతిరావుకి లోపాలు వెతకడమే ఉద్యోగం. బహ్రెయిన్‌లో, సిత్రాలో ఆయిలు ట్యాంకులు తయారుచేసే ఒక యార్డులో వెల్డింగు అతుకుల్ని పరీక్షించే ఇన్‌స్పెక్టరు ఆయన. టార్చిలైటు పట్టుకుని అతుకు వెంబడి వంగాడంటే వెంట్రుకంత బీటయినా దొరకాల్సిందే. ఉద్యోగానికి ఇది మంచి గుణమే. చిక్కల్లా ఏమిటంటే, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఆ కళ్ళని యార్డులో వదిలి రావడం ఆయనకి చేతకాదు. కూరలో ఉప్పు, గోడమీద మేకు, పక్కవాటావాళ్ళు కారు నిలిపిన తీరు, అన్నిట్లోనూ ఆయనకి ఏదో ఒక వంక కనిపిస్తూనే ఉంటుంది.

అలాంటి మనిషి కూతురి సంబంధం చూడటానికి ఇంగ్లండు బయల్దేరాడు.

కూతురు అపూర్వ మనామాలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఒక్కతే పిల్ల. ఆమె చేసుకుంటానంటున్న జస్వంత్ కొత్తవాడేం కాదు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో వీళ్ళుండే వీధిలోనే పెరిగాడు. ఇద్దరూ ఒకే బస్సులో బడికెళ్ళారు. అతని తండ్రి పోయాక తల్లి విశాఖపట్నంలో పెద్దకూతురి దగ్గరికి చేరింది. కుర్రవాడు లండన్లో చదువుకుని, అక్కడే ఉద్యోగం సంపాదించి, లండన్‌కి కొంచెం అవతల వోకింగ్ అనే ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నాడు.

"చిన్నప్పట్నుంచీ చూస్తున్న పిల్లాడే గదండీ, కొత్తగా ఇంకేం చూస్తారు?" అంది చాముండేశ్వరి, భర్త పెట్టె సర్దుతూ.

"పిల్లాణ్ణి కాదే, ఇంటిని చూడాలి. రేపొద్దున్న మన పిల్ల ఎక్కడ కూచుంటాదో, కిటికీలోంచి ఏం చూస్తాదో చూడొద్దా?"

"మరి భోజనం?"

"నువ్వు కట్టిచ్చిందే తింటాను. ఆ ఇంట్లో చెయ్యి కడగను."

కాకినాడ దగ్గర వాళ్ళ ఊళ్ళో అదొక పట్టింపు. సంబంధం చూడటానికి వెళ్ళిన ఆడపిల్ల తరఫువాళ్ళు మనసు కుదిరేదాకా ఆ ఇంట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. చెయ్యి కడిగి కంచం ముందు కూర్చున్నారా, మాట ఇచ్చేసినట్టే. ఇక వెనక్కి పోవడం ఉండదు. చలపతిరావు తండ్రి తన చెల్లెలి కోసం ఒక ఊరు వెళ్ళి, వాళ్ళు వడ్డించిన విస్తరిని అలాగే వదిలేసి, ఎండలో నడిచి బస్సు దగ్గరికొచ్చి పడిపోయాడట. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

అపూర్వ తండ్రిని ఎయిర్‌పోర్టులో దించుతూ, కారు దిగబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, నువ్వు వద్దంటే ఆగిపోతాను. నిజంగానే ఆగిపోతాను. కానీ వద్దనడానికే వెళ్ళకు."

చలపతిరావు పెట్టె అందుకుని గబగబా దిగిపోయాడు. ఎందుకంటే ఆయన వెళ్తున్నది సరిగ్గా అందుకే. పిల్ల వెళ్ళిపోతుందన్న బెంగ ఉంది, కాదనడానికి లేదు. దాన్ని మించిన భయం ఇంకొకటి ఉంది. అక్కడ ఫిజియోథెరపీ చెయ్యడానికి రిజిస్ట్రేషను వచ్చేదాకా అపూర్వకి ఉద్యోగం ఉండదు. తెలియని ఊళ్ళో, తెలియని నాలుగ్గోడల మధ్య, మొగుడు ఆఫీసుకెళ్తే పొద్దస్తమానం ఒక్కతే కూర్చోవాలి. నవ్వుతూ తుళ్ళుతూ తిరిగే పిల్ల అలా కూర్చోవడం ఆయన ఊహించుకోలేకపోయాడు. అయితే ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇల్లు చూసి ఏదో ఒక లోపం పట్టుకుంటే చాలు, ఆ లోపమే మాట్లాడుతుందనుకున్నాడు.

జస్వంత్ హీత్రూకి ఎదురొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చలికి ముక్కు ఎర్రబడి, చేతిలో పెద్దాయన కోసం తెచ్చిన కోటుతో నిలబడ్డాడు. బస్సులో వోకింగ్ చేరేసరికి శనివారం మధ్యాహ్నమైంది. స్టేషనుకి కాస్త దూరంలో చెట్ల మధ్య ఒక మసీదు పచ్చని గుమ్మటం కనిపించింది. ఇన్నేళ్ళు బహ్రెయిన్‌లో గడిపిన ప్రాణం కదా, దాన్ని చూడగానే చలపతిరావుకి తెలిసినవాళ్ళెవరో ఎదురైనట్టనిపించింది. వెంటనే జాగ్రత్తపడి మొహం బిగించుకున్నాడు.

ఆయన స్టేషను పక్కనే ఒక చిన్న హోటల్లో గది తీసుకున్నాడని తెలిసి కుర్రాడు బాధపడ్డాడు.

"ఇంట్లో గది ఖాళీగా ఉంది అంకుల్. పక్క కూడా వేసి పెట్టాను."

"పర్లేదు బాబూ. మీకెందుకు శ్రమ?" అన్నాడు చలపతిరావు. వీధిలో గోళీలాడుతుంటే 'ఒరేయ్' అని కసిరిన నోటితోనే ఇప్పుడు 'మీరు' అంటుంటే, జస్వంత్‌కి తను పరీక్షహాల్లో ఉన్నాడని అర్థమైంది.

ఇల్లు చిన్నది. వరసగా ఒకదానికొకటి అంటుకుని ఉన్న ఎర్ర ఇటుకల ఇళ్ళలో ఒకటి. చలపతిరావు కూర్చోనైనా కూర్చోకుండా జేబులోంచి టార్చి తీశాడు. కిటికీ చట్రం కింద చెమ్మ ఉంది. మెట్లు ఇరుకు. స్నానాలగది తలుపు పూర్తిగా పడటం లేదు. వంటింటి గొట్టం దగ్గర వంగి చూస్తుంటే జస్వంత్ వెనకే నిలబడి, "అది కొంచెం కారుతుంది అంకుల్, ఇంటాయనకి చెప్పాను" అన్నాడు. తనే ఒప్పేసుకునే లోపంతో ఇన్‌స్పెక్టరుకి పనేముంటుంది? చలపతిరావుకి చిరాకేసింది.

తర్వాత గ్లాసుతో మంచినీళ్ళొచ్చాయి. వద్దన్నాడు. కాఫీ వచ్చింది. అదీ వద్దన్నాడు. చీకటి పడేవేళకి జీడిపప్పులేసిన ఉప్మా వచ్చింది. ఆ వాసనకి లోపల పేగులు అరిచినా, "ఇప్పుడే తిన్నాను బాబూ" అని హోటలు గదికి పోయి, పెళ్ళాం కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పుకున్నాడు.

ఆదివారం జస్వంత్ పట్టుదల పెంచాడు. పెద్దాయనకి షుగరేమోనని పంచదార లేని టీ పెట్టాడు. కారం పడదేమోనని పప్పులో మిరపకాయలు తగ్గించాడు. గుత్తివంకాయ కూర చేశాడు. చలపతిరావు బల్ల దగ్గర కూర్చుని, "మీరు కానివ్వండి" అంటూ అతను తింటుంటే చూశాడు. ఎదురుగా ఒక మనిషి మింగే ప్రతి ముద్దా లెక్కబెడుతున్నట్టు చూస్తుంటే ఎవరికి సహిస్తుంది? కుర్రాడు సగంలోనే లేచిపోయాడు. పట్టింపు సంగతి అతనికి తెలియదు, చెప్పడానికి పక్కన పెద్దవాళ్ళెవరూ లేరు. అపూర్వకి తెలుసు. రాత్రి అతను ఫోనుచేసి మీ నాన్నకి నా వంట నచ్చడం లేదని దిగాలుపడితే, నీ పని నువ్వు చెయ్యి అని మాత్రం అంది. చెబితే ఎలాగైనా తినిపించాలని చూస్తాడు, అది నాన్నకి అన్యాయం అనుకుందట. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు.

ఆ సాయంత్రం ఇద్దరూ కాలవ గట్టున నడిచారు. బాతులున్నాయి, కుక్కల్ని తిప్పే ముసలివాళ్ళున్నారు, బళ్ళలో చంటిపిల్లలున్నారు. ఊరు ముచ్చటగానే ఉందని చలపతిరావు ఒప్పుకోక తప్పలేదు.

"ఆదివారం గనక ఇలా ఉంది. మామూలు రోజుల్లో?"

"పొద్దున్నే అందరూ లండన్ రైలెక్కేస్తారు అంకుల్. నాలాగే. చీకటి పడ్డాక వస్తారు. మధ్యలో ఊరు ఖాళీ."

చలపతిరావు ఠక్కున ఆగాడు. రెండురోజులుగా గోడల్లో వెతుకుతున్న బీట ఇక్కడుంది.

"అయితే రేపు ఆ ఖాళీ ఊరే చూస్తాను. మీ ఇంటి తాళం నాకిచ్చి వెళ్ళండి" అన్నాడు.

సోమవారం తెల్లవారగానే జస్వంత్‌తో పాటు స్టేషనుకెళ్ళాడు. ప్లాట్‌ఫారం నిండా మనుషులు. రైలు తలుపు ఎక్కడ ఆగుతుందో తెలిసినట్టు ఎవరి చోటులో వాళ్ళు నిలబడ్డారు. ఒక్కరూ పక్కవాడి మొహం చూడరు. పొద్దున్నే యార్డు వ్యాను ఎక్కేటప్పుడు మలయాళీ, పాకిస్తానీ, తెలుగు అంతా కలిసి చేసే రభస గుర్తొచ్చి, వీళ్ళకేమైనా చావుకబురు వచ్చిందా అనుకున్నాడు. "ఇవాళ మీటింగుంది అంకుల్, రాత్రి అవుతుంది. బల్లమీద భోజనం మూతపెట్టి ఉంచాను" అని జస్వంత్ రైలెక్కాడు. లోపలి గుంపులోంచి అద్దంలోంచి చెయ్యి ఊపాడు. రైలు కదిలింది. చూస్తుండగానే ప్లాట్‌ఫారం ఊడ్చేసినట్టయింది.

ఇంటికొచ్చి తలుపు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వీధిలో వరసగా మూసిన తలుపులు. ఎదురింటి మెట్టుమీద ఒక పిల్లి. పోస్టుమాన్ వచ్చి, ఎవరితోనూ మాట్లాడే పనిలేకుండా తలుపుల కంతల్లో కాగితాలు తోసి వెళ్ళిపోయాడు. సన్నగా వాన మొదలైంది. ఇది చాలు, ఇంటికెళ్ళి చెప్పడానికి ఇది చాలు అనుకున్నాడు చలపతిరావు. అనుకున్నది దొరికినందుకు సంతోషించాలి కదా, ఆ సంతోషం మాత్రం ఎంతకీ రాలేదు.

పులిహోర నిన్నటితోనే అయిపోయింది. గొడుగేసుకుని స్టేషను దగ్గర కొట్టుకెళ్ళి చీజ్ సాండ్‌విచ్చులు రెండు కొనుక్కుని, బెంచీమీద కూర్చుని కడుపునిండా తిన్నాడు. మళ్ళీ వచ్చి అదే కిటికీ దగ్గర కూర్చున్నాడు. అదే పిల్లి. టీవీ పెట్టి కట్టేశాడు. ఇంట్లో ఫ్రిజ్జు రొద తప్ప మరో చప్పుడు లేదు. మనిషి గొంతు విని ఎన్నాళ్ళయిందో అన్నట్టుంది, అప్పటికి గట్టిగా ఒక పూటైనా కాలేదు. చివరికి ఉండబట్టలేక లేచి, వంటింట్లోకి వెళ్ళి, కెటిల్లో నీళ్ళుపోసి మీట నొక్కాడు. తాగడానికి కాదు. ఆ ఇంటి నీళ్ళు ఆయన ముట్టడు. ఊరికే, ఆ బుడబుడ చప్పుడు వినడానికి.

నీళ్ళు మరుగుతుంటే ఆయనకి ఇంకో చప్పుడు గుర్తొచ్చింది.

కొత్తగా పెళ్ళయి చాముండేశ్వరిని బహ్రెయిన్ తెచ్చిన రోజులు. ఆమెకి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, అరబ్బీ సంగతి సరేసరి. చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరూ లేరు. తను తెల్లారకముందే సిత్రా వ్యాను ఎక్కేవాడు. ఓవర్‌టైం చేసుకుని చీకటి పడ్డాక వచ్చేవాడు. ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ ఆమె అంది, "పొద్దున్నే పప్పు ఉడికిపోతాదండీ. అయినా మధ్యాహ్నం మళ్ళీ కుక్కరు పెడతాను. కూత వినపడితే ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుంటాది." ఆయనకది భలే హాస్యంగా తోచింది. మర్నాడు యార్డులో అన్నాలప్పుడు అందరికీ చెప్పాడు. పొట్టలు పట్టుకుని నవ్వారు. ఏసీలో కూర్చుని కుక్కరు కూతలు వినే మహారాణి అని ఆయనే అన్నాడు.

ఇప్పుడు మరిగిన కెటిల్ టక్కుమని ఆగిపోయింది. మళ్ళీ నిశ్శబ్దం. చలపతిరావు మీట మళ్ళీ నొక్కాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, చూసేవాళ్ళెవరున్నారు గనక?

అంతలో వీధితలుపు చప్పుడైంది. జస్వంత్. నెత్తిమీంచి నీళ్ళు కారుతున్నాయి. పరిగెత్తుకొచ్చాడేమో, రొప్పుతున్నాడు.

"ఏమైంది? మీటింగన్నారు?" అన్నాడు చలపతిరావు కంగారుగా.

"రేపటికి మార్పించాను అంకుల్. మీరిక్కడ ఒక్కరే ఉన్నారని... నా మనసు అక్కడ లేదు. కొత్తలో నేను కూడా ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉండి ఇంటినుంచి పనిచేసేవాణ్ణి. ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే వచ్చిన రైలెక్కేశాను." అంతలో వంటింట్లోంచి ఆవిరి కనిపించింది. అతని మొహం వెలిగింది. "టీ తాగారా?"

"లేదు. ఊరికే పెట్టాను. చప్పుడు కోసం."

మరొకడైతే నవ్వేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట చలపతిరావు నవ్వాడు. జస్వంత్ నవ్వలేదు. తడికోటు విప్పి కుర్చీమీద వేస్తూ, "నేను రేడియో పెట్టేవాణ్ణి అంకుల్. వార్తలు చదివేవాళ్ళకి జవాబులు కూడా చెప్పేవాణ్ణి" అన్నాడు. అని, మూతపెట్టిన కంచం అలాగే ఉండటం చూసి, దాన్ని తీసి లోపల పెట్టబోయాడు.

చలపతిరావు అతన్నే చూస్తున్నాడు. చెమ్మ కిటికీ, ఇరుకు మెట్లు, కారే గొట్టం, ఖాళీ ఊరు, ఏదీ మారలేదు. అపూర్వ ఇక్కడ ఒంటరిగా కూర్చోక తప్పదు. కానీ కూర్చుందని ఒకడికి గుర్తుంటుంది. పనిమధ్యలో గుర్తొచ్చి, వానలో తడుస్తూ పరిగెత్తుకొస్తాడు. పెద్ద ట్యాంకులో ఎక్కడో ఒక బీట ఉండనే ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఈ మాట యార్డులో కొత్తవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో ఆయనకే తెలియదు.

కడుపులో సాండ్‌విచ్చి ఇంకా బరువుగానే ఉంది. ఆకలన్నది బొత్తిగా లేదు.

"ఒరేయ్ జస్వంతూ, ఆ కంచం అక్కడ పెట్టు. చెయ్యి కడుక్కోవాలి, నీళ్ళెక్కడ?" అన్నాడు.

కుర్రాడు సింకు చూపించాడు. ఆయన చొక్కా చేతులు మడిచి, రెండు చేతులూ బాగా రుద్ది కడుక్కుని, వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. చల్లారిపోయిన అన్నం, టమాటా పప్పు. జస్వంత్ హడావిడిగా పప్పు వేడిచేసి, ఒక సీసాలోంచి ఆవకాయ వేశాడు. ముద్ద నోట్లో పెట్టుకోగానే చలపతిరావు ఆగాడు. వెల్లుల్లి ఎక్కువ వేసి, మెంతులు వేయించి కొట్టిన ఆవకాయ. ఈ రుచిలో ఆయన ఏటా ఏదో ఒక వంక పెడుతూనే ఉన్నాడు.

"ఇదెక్కడిది?"

"ఆంటీ పంపారు అంకుల్. ఏటా పంపుతారు" అన్నాడు జస్వంత్ అమాయకంగా.

అంటే తను టార్చి పట్టుకుని ఇంత దూరం రాకముందే, పెళ్ళాం ఎప్పుడో మాట ఇచ్చేసిందన్నమాట. చలపతిరావు పకపకా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియని జస్వంత్, ఎలాగైతేనేం పెద్దాయన తింటున్నాడని సంబరపడి, ఒక ఫోటో తీసి అపూర్వకి పంపాడు. నిమిషంలో చాముండేశ్వరి ఫోను వచ్చింది.

"చెయ్యి కడిగేరా?" అంది, హలో అయినా అనకుండా.

"కడిగేనే."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడూ, దూరంనుంచి "అమ్మా, ఏమన్నాడు, నాన్న ఏమన్నాడు?" అని అపూర్వ అరుపూ వినిపించాయి. కంచం ముందు నిలబడ్డ జస్వంత్‌కి అప్పుడు చెప్పాడు, తను రెండురోజులుగా ఆ ఇంట ఎందుకు ఏమీ ముట్టలేదో. కుర్రాడు అక్కడే కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

చలపతిరావు బహ్రెయిన్ తిరిగొచ్చాడు. ముహూర్తం మాటలు మొదలయ్యాయి. ఆయన ఎప్పట్లాగే డ్యూటీకి వెళ్తున్నాడు, ఎప్పట్లాగే క్యారియరు విప్పుకుని తింటున్నాడు. ఒకరోజు అన్నాలవేళ క్యారియరు ముందు పెట్టుకుని, మూత తియ్యకుండా కాసేపు కూర్చుని, లేచి కారు తాళాలు తీసుకున్నాడు. "అరే, ఎక్కడికి?" అని ఎవరో కేకేశారు. ఆయన వినిపించుకోలేదు.

సిత్రా వంతెన దాటితే ఉమ్మ్ అల్ హస్సామే. రెండు పక్కలా సముద్రం ఎండకి మెరుస్తోంది. వంతెన దిగి తన వీధిలోకి తిరిగేసరికి ఏసీకి కారు ఇంకా చల్లబడనే లేదు. చలపతిరావుకి సిగ్గేసింది. ఆ పిల్లాడు లండన్ నుంచి రైలెక్కి వచ్చాడు. తనకీ ఇంటికీ మధ్య ఇన్నేళ్ళూ ఉన్నది ఈ పాటి వంతెనా?

చాముండేశ్వరి తలుపు తీసి హడలిపోయింది.

"అయ్యబాబోయ్, ఇప్పుడొచ్చేరేంటి? ఒంట్లో బాగోలేదా?" అంటూ నుదుటిమీద చెయ్యి పెట్టింది.

"బానే ఉంది. నీతో భోంచేద్దామని."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. చేతిలో క్యారియరు అలాగే ఉంది. వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఇద్దరూ అటు చూశారు. వోకింగ్‌లో కెటిల్ సంగతి ఆయన ఇంకా ఆమెకి చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియక.

"ఇంకా ఉడకాలా?" అన్నాడు మెల్లగా.

"పొద్దున్నే ఉడికిపోయింది" అంది చాముండేశ్వరి. "అలవాటు పోక పెట్టేను. మీరు నవ్వుతారు."

"నవ్వను" అన్నాడు చలపతిరావు. క్యారియరు బల్లమీద పెట్టాడు.

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు కట్టేసి, గోడకున్న స్టాండులోంచి రెండో కంచం తీసింది.

"చెయ్యి కడుక్కోండి" అంది.